రాయలవారి కుల్లాయి

పిల్లలూ!

పోయిన నెలలో ఒక సాయంకాలం మా ఇంటి అరుగుమీద పెద్ద తగాదా జరిగింది. మా వీధి పిల్లలు ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, బడిలో ఒక నాటిక వెయ్యాలనుకున్నారు. కథ మంచిదే ఎన్నుకున్నారు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సమయంలో శ్రీకాకుళంలో విడిది చేశాడు. ఇది ఉత్తరాన ఉన్న శ్రీకాకుళం కాదు. మన కృష్ణాజిల్లాలోనే, ఘంటసాల దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. అక్కడ వెలసిన ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడనీ, ఆ విధంగా "ఆముక్తమాల్యద" పుట్టిందనీ రాయలవారే ఆ కావ్యం మొదట్లో చెప్పుకున్నారు.

తగాదా కథ గురించి కాదు. రాయలవారి తల గురించి! రాయలవారి వేషం వేసే కుర్రవాడు బంగారు రంగు కాగితంతో కిరీటం చేసుకుని వచ్చాడు. ఒక అమ్మాయి దాన్ని చూసి, "ఇది తప్పు. రాయలవారికి పొడుగాటి టోపీ ఉండాలి. తిరుమలలో ఆయన విగ్రహానికి నేను చూశాను," అన్నది.

"రాజు ఎక్కడైనా టోపీ పెట్టుకుంటాడటే? టోపీ పెట్టుకునేది పోలీసువాడు!" అన్నాడు కుర్రవాడు.

అందరూ ఘొల్లున నవ్వారు. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరకు, "మాస్టారూ, మీరు చెప్పండి!" అంటూ అందరూ నా మీద పడ్డారు.

తీర్పు చెప్పటం నాకు కష్టం కాలేదు. అమ్మాయి చెప్పిందే నిజం. తిరుమల గుడి మహాద్వారం దాటి లోపలికి వెళ్ళగానే కుడిపక్కన రాయలవారూ, ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి రాగి విగ్రహాల రూపంలో నిలబడి ఉంటారు. ముగ్గురూ స్వామికి చేతులు జోడించి ఉన్నారు. రాయలవారి తలమీద ఉన్నది కిరీటం కాదు. కిందినుంచి పైకి సన్నబడుతూ పోయి, కొసన గుండ్రంగా ముగిసే ఎత్తయిన టోపీ.

విగ్రహం ఒక్కటే సాక్ష్యం కాదు. రాయలవారు 1509 నుంచి 1529 దాకా రాజ్యం చేశారు. 1520 ప్రాంతంలో డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం వచ్చి ఆయనను కళ్ళారా చూశాడు. రాజుగారు బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలు కట్టుకున్నారనీ, తలకు జరీ టోపీ పెట్టుకున్నారనీ, కాళ్ళకు మాత్రం చెప్పులు లేవనీ రాసి పెట్టాడు.

ఈ టోపీ పేరు కుల్లాయి. నీళ్ళు వచ్చే కుళాయి కాదు సుమా! కుల్లాయిలు ఎలా ఉండేవో చూడాలనుకుంటే లేపాక్షి వెళ్ళాలి. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. రాయలవారి తరవాత రాజ్యానికి వచ్చిన అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన వీరభద్రాలయం అది. ఆ గుడి కప్పుమీద రంగుల బొమ్మలున్నాయి. మగవాళ్ళు చాలామంది ఎత్తయిన కుల్లాయిలు పెట్టుకుని కనిపిస్తారు. ఆడవాళ్ళకు మాత్రం టోపీలు లేవు. వాళ్ళ అలంకారమంతా కొప్పుల్లోనూ, నగల్లోనూ ఉన్నది.

ఇంతకూ ఈ కుల్లాయి ఎక్కడిది? మన దేశంలో పూర్వం నుంచీ ఉన్నది తలపాగా. గుంటూరు సీమలో, కృష్ణ ఒడ్డున, పద్ధెనిమిది వందల ఏళ్ళ కిందట చెక్కిన అమరావతి శిల్పాలు చూస్తే, అందులో రాజులూ దొరలూ పెద్ద ముడులు వేసిన పాగాలతో కనిపిస్తారు. కుల్లాయి దూరదేశాన్నుంచి వచ్చింది. పారశీక భాషలో టోపీని కులాహ్ అంటారు. ఆ మాటే మన నోళ్ళలో పడి కుల్లాయి అయింది. దానితోపాటు ధరించే పొడుగాటి చొక్కా కబాయి. అది అరబ్బీ మాట.

"విజయనగరం రాజులు సుల్తానులతో యుద్ధాలు చేశారు గదా! మరి వాళ్ళ టోపీ ఎందుకు పెట్టుకున్నారు?" అని మీరు అడగవచ్చు. మా అరుగుమీద పిల్లలూ ఈ మాటే అడిగారు. ఆ కాలంలో పారశీకం మొదలుకొని దక్కను దాకా పెద్ద పెద్ద దర్బారులలో ఈ దుస్తులే మర్యాద. విజయనగరానికి పరదేశాల గుర్రాల వర్తకులు వచ్చేవారు, రాయబారులు వచ్చేవారు. వాళ్ళ ఎదుట, "మేమూ మీ రాజులకు తీసిపోము," అని చెప్పటానికి కుల్లాయి ఒక గుర్తు అన్నమాట. యుద్ధం యుద్ధమే, టోపీ టోపీయే!

రాయలవారికి ముందే, రెండవ దేవరాయల కాలంలో (1424–1446) కూడా కుల్లాయి ఉన్నది. మహాకవి శ్రీనాథుడు ఆ రాజు ఆస్థానానికి వెళ్ళాడు. శ్రీనాథుడి పేర చెప్పుకునే ఒక చాటుపద్యంలో, ఈ ఊరికి వచ్చి కుల్లాయి పెట్టుకోవలసి వచ్చింది, అలవాటులేని తిండి తినవలసి వచ్చింది అని ఆయన కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకుంటాడు. అంటే రాజసభలోకి అడుగు పెట్టేవాడి తలమీద కుల్లాయి ఉండవలసిందే. అంత పెద్ద కవికీ తప్పలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో తరవాత పని ఉన్నది.

సరిగ్గా ఆ 15వ శతాబ్దంలోనే ఐరోపాలో, ఫ్రాన్సు, బర్గండీ దర్బారులలో, గొప్పింటి ఆడవాళ్ళు ఒక వింత టోపీ పెట్టుకునేవారు. దాని పేరు హెన్నిన్. అది కొస తేలిన శంఖువు. కొసనుంచి పలచటి మేలిముసుగు వేలాడుతూ ఉండేది. జుట్టంతా టోపీలో దాగిపోవాలి. నుదురు విశాలంగా కనిపించాలని ముందరి వెంట్రుకలు పీకించుకునేవారు కూడా! ఇక్కడ రాజులూ దొరలూ పొడుగు టోపీలు పెట్టుకుంటే, అక్కడ దొరసానులు పెట్టుకున్నారు.

పొడుగు టోపీ చెయ్యటానికి కాస్త లెక్క తెలిస్తే చాలు. మీ తల చుట్టుకొలత 52 సెంటీమీటర్లు అనుకుందాం. అతికించటానికి 2 సెంటీమీటర్లు కలపండి. 54 అయింది. అట్టమీద 30 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే, దాని చుట్టుకొలత సుమారు 188 సెంటీమీటర్లు. అందులో మనకు కావలసింది 54 మాత్రమే. అంటే 360 డిగ్రీలలో సుమారు 103 డిగ్రీల ముక్క. దాన్ని కత్తిరించి, అంచులు కలిపి అతికిస్తే టోపీ తయారు. కొసను కొంచెం లోపలికి నొక్కి గుండ్రంగా చేస్తే కుల్లాయికి దగ్గరగా వస్తుంది. హెన్నిన్ మాదిరి ఇంకా పొడుగు కావాలంటే వ్యాసార్ధం 60 చెయ్యండి. అప్పుడు కోణం సగానికి సగం తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందో మీ లెక్కల మాస్టారిని అడగక, మీరే ఆలోచించండి.

ఇక టోపీకీ హోదాకీ ఉన్న సంబంధం చూడండి. ఇంగ్లండులో 1571లో ఒక చట్టం చేశారు. ఆరేళ్ళు దాటిన ప్రతివాడూ ఆదివారాలలోనూ పండుగలలోనూ ఆ దేశంలో తయారైన ఉన్ని టోపీయే పెట్టుకోవాలి. టోపీలు అల్లేవాళ్ళ జీవనం నిలబడాలని ఆ చట్టం చేశారు. కాని ప్రభువులకూ, వాళ్ళ ఇళ్ళ స్త్రీలకూ, గొప్ప ఆస్తిపరులకూ అందులోనుంచి మినహాయింపు ఇచ్చారు. దానితో ఏమయింది? ఉన్ని టోపీ కనపడితే, "వీడు సామాన్యుడు," అని దూరాన్నుంచే తెలిసిపోయేది. 1597లో ఆ చట్టాన్ని రద్దు చేశారు.

టోపీలకు దేశాల సరిహద్దులు లేవు. మా కృత్తివెన్ను నుంచి బందరు వెళ్ళే దారిలో పెడన వస్తుంది. అక్కడ ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ గుడ్డలు అద్దుతారు. ఆ అద్దకాల కోసమే డచ్చివాళ్ళు 1605లోనూ, ఇంగ్లీషువాళ్ళు 1611లోనూ బందరులో వర్తకం మొదలుపెట్టారు. మన తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు అనే మొక్క వేళ్ళనుంచి ఎర్రరంగు తీసేవారు. పటికతో కలిసి ఆ రంగు నూలును గట్టిగా పట్టుకుంటుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఐరోపావాళ్ళకు ఆ విద్య అప్పటికి తెలియదు. తమ నేతగాళ్ళ పని పోతున్నదని ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించింది. ఇంగ్లండు 1721లో వీటిని ధరించరాదని చట్టం చేసింది. అయినా జనం మానలేదు, ఫ్రాన్సు 1759లో నిషేధం ఎత్తివేసింది. హాలెండులో ఫ్రీస్‌లాండ్ అనే సీమ ఉన్నది. 18వ శతాబ్దంలో అక్కడి ఆడవాళ్ళు ఎండకు పెద్ద గడ్డి టోపీలు పెట్టుకునేవారు. ఆ టోపీల లోపలివైపు అస్తరు మన కోరమాండల్ తీరపు అద్దకపు గుడ్డ! పారశీకపు టోపీ మన రాజు తలకెక్కితే, మన తీరపు గుడ్డ వాళ్ళ ఆడవాళ్ళ తలకెక్కింది.

ఇప్పుడు శ్రీనాథుడి సంగతికి వద్దాం. విజయనగరంలో తల కప్పుకోవటం మర్యాద. ఇంగ్లండులో అందుకు సరిగ్గా వ్యతిరేకం. పెద్దవాళ్ళ ఎదుట టోపీ తియ్యటం మర్యాద. 1670లో లండనులో విలియం పెన్ అనే యువకుణ్ణీ, అతని మిత్రుణ్ణీ న్యాయస్థానానికి తీసుకొచ్చారు. వాళ్ళు క్వేకర్లు అనే శాఖకు చెందినవాళ్ళు. "మనుషులంతా సమానమే, ఏ మనిషికోసమూ టోపీ తియ్యం," అనేది వాళ్ళ నియమం. వాళ్ళు లోపలికి వస్తుంటే ఒక నౌకరు వాళ్ళ టోపీలు తీసేశాడు. న్యాయాధికారులు వాటిని మళ్ళీ తలలకు పెట్టించి, అప్పుడు "టోపీ ఎందుకు తియ్యలేదు?" అని జరిమానా వేశారు! అమెరికాలోని పెన్సిల్వేనియాకు ఆ పేరు ఈ విలియం పెన్ తండ్రి గౌరవార్థం పెట్టినదే.

చూశారా? ఒకచోట కప్పుకోవటం గౌరవం, మరొకచోట తియ్యటం గౌరవం. అంటే గౌరవం గుడ్డలో లేదు. మరి ఎక్కడ ఉన్నది? ఈ సంగతి నాకు పుస్తకాలు చెప్పలేదు. ఒక పిల్లవాడు చెప్పాడు.

ముప్పై అయిదేళ్ళనాటి మాట. నేను అప్పుడు వేరే ఊళ్ళో సాంఘిక శాస్త్రం చెప్పే కొత్త మాస్టరుని. ఒకనాడు మధ్యాహ్నం ఒక ముసలాయన మనవడికి ఏదో ధ్రువపత్రం కావాలని బడికి వచ్చాడు. పొలం పనులు చేసుకునే మనిషి. వేసవి ఎండ మాడిపోతున్నది. ఆయన గుమ్మం దగ్గర ఆగి, తలగుడ్డ విప్పి, చంకలో పెట్టుకుని, బయటే నిలబడ్డాడు. నేను కుర్చీలో కూర్చునే మాట్లాడాను. పని అయిపోయింది. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. నాకు అందులో వింత ఏమీ కనిపించలేదు. ఎందుకంటే నా చిన్నతనంలో మా ఊళ్ళలో కామందుల అరుగుల ముందు పాలేర్లు అట్లాగే తలగుడ్డ తీసి నిలబడటం నేను రోజూ చూసినవాణ్ణే. అది వినయం అనుకునేవాణ్ణి. తియ్యకపోతే ఏమవుతుందో ఎన్నడూ ఆలోచించలేదు.

నాలుగు రోజుల తరవాత ఏడో తరగతిలో విజయనగరం పాఠం వచ్చింది. రాయలవారి కుల్లాయి బొమ్మ నల్లబల్లమీద గీసి చూపించాను. వెనక బల్లమీదనుంచి ఒక పిల్లవాడు లేచాడు.

"రాయలవారు ఎవరి ముందైనా టోపీ తీసేవారాండీ?" అని అడిగాడు.

"రాజుగారికి తియ్యవలసిన అవసరం ఏముందిరా? తిరుమలలో స్వామి ఎదుట చేతులు జోడించినప్పుడు కూడా ఆయన తలమీద టోపీ ఉన్నది," అన్నాను గొప్పగా.

"మరి మా తాత మీ ముందు తీశాడుగదండీ!" అన్నాడు వాడు.

వాడు పొగరుగా అడగలేదు. నిజంగా తెలియకే అడిగాడు. తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. నా చేతిలో సుద్దముక్క అట్లాగే ఉండిపోయింది. ఏదో చెప్పి పాఠం ముగించాను గాని, ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఎండలో నడిచి వచ్చిన ముసలాయన నీడపట్టున తలగుడ్డ తీసి బయట నిలబడితే, నేను లేచి, "లోపలికి రండి, కూర్చోండి, గుడ్డ ఉంచుకోండి," అనలేకపోయాను. ఆయన నాకంటే ముప్పైఏళ్ళు పెద్ద.

మర్నాడు సాయంకాలం ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళాను. తాత నన్ను చూడగానే చెయ్యి తలగుడ్డ మీదికి పోయింది. "తియ్యకండి," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "తప్పయిపోయింది," అన్నాను. అదీ ఆయనకు అర్థం కాలేదు. "తప్పేముందయ్యా?" అని నవ్వి, నులకమంచం వాల్చాడు. నేను కూర్చున్నాను గాని, ఆయన ఎంత చెప్పినా కూర్చోలేదు. కొన్నాళ్ళ తరవాత మళ్ళీ బడికి వచ్చినప్పుడు నేను గదిలో ఒక బల్ల వేయించి ఉంచాను. ఆయన తలగుడ్డ తియ్యకుండానే లోపలికి వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. మనవడు కిటికీలోనుంచి చూశాడు. ఆ పూట వాడి ముఖం నేను మరచిపోలేదు. తరవాత నేను ఏ బడిలో పనిచేసినా, నా కుర్చీకంటే ముందు వచ్చినవారి బల్ల ఉన్నదా లేదా అని చూసుకునేవాణ్ణి.

ఆ తలగుడ్డ సామాన్యమైనది కాదు, పిల్లలూ. మడతల మధ్య గాలి నిలిచి ఎండవేడిని తలకు తగలనివ్వదు. తడిపి చుట్టుకుంటే నీరు ఆవిరి అవుతూ తలను చల్లబరుస్తుంది. మూట ఎత్తుకుంటే అదే చుట్టకుదురు; చెమట పడితే అదే తువ్వాలు; చద్ది కట్టుకుంటే అదే మూట. జరీ కుల్లాయి ఇన్ని పనులు చెయ్యగలదా?

మన భాషలో తమాషా చూడండి. "టోపీ వేశాడు" అంటే మోసం చేశాడని అర్థం. "పాగా వేశాడు" అంటే గట్టిగా పాతుకున్నాడని అర్థం. కాని తలమీద ఏది ఉన్నా, దాన్ని తన ఇష్టంతో పెట్టుకోవటం, తన ఇష్టంతో తియ్యటం ఒకటి. భయపడి తియ్యటం మరొకటి. మొదటిది మర్యాద. రెండవది మర్యాద కాదు, దాన్ని పుచ్చుకునేవాడికి గొప్ప కూడా కాదు. గౌరవం అనేది ఇద్దరూ ఇచ్చిపుచ్చుకునేది.

ఇదంతా విన్న తరవాత మా అరుగుమీద తగాదా సర్దుకున్నది. రాయలవారి వేషం కుర్రవాడు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "కుల్లాయి నువ్వే చేసిపెట్టు," అన్నాడు. ఆ అమ్మాయి కొలత తీసుకుని, పాత క్యాలెండరు అట్టతో కుల్లాయి చేసి, పైన అమ్మ చీర జరీ అంచు అతికించింది. బంగారు కాగితపు కిరీటం కూడా వృథా పోలేదు. ఆంధ్రమహావిష్ణువు వేషానికి అది సరిగ్గా సరిపోయింది!

ఈ నెల మీకు ఒక పని. మీ తాతగారినో, నాయనమ్మగారినో అడగండి: వాళ్ళ చిన్నతనంలో ఇంట్లో ఎవరు పాగా చుట్టేవారు? ఎవరి ఎదుట తీసేవారు? ఎందుకు తీసేవారు? వాళ్ళు చెప్పింది నోటు పుస్తకంలో రాసుకోండి. చెప్పటానికి వాళ్ళు కాసేపు తటపటాయిస్తే, తొందరపెట్టకండి. పక్కన కూర్చుని ఓపికగా వినండి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.